ముందు సిగ్నలు, ఆ తర్వాతే ఫోను: గోదావరి డెల్టాలో మొబైలు ఎంచుకోవడం ఎలా?

"పదిహేను వేలలో మంచి ఫోను ఏదండీ?" అని ఎవరైనా అడిగితే, "మీ పడకగదిలో ఏ సిమ్ము పలుకుతుంది?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. అడిగినవారి ముఖం కాస్త చిన్నబోతుంది. కెమెరా గురించో ర్యామ్ గురించో చెబుతానని వచ్చినవారికి టవరు సంగతి ఎత్తితే విసుగే మరి. కానీ పాలకొల్లు, రాజోలు, ముమ్మిడివరం చుట్టుపక్కల బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఏళ్ల తరబడి ఫోన్లు కొనిపెట్టాను. "ఈ ఫోను బాగాలేదు" అని తిరిగి నా దగ్గరకు వచ్చిన గొడవల్లో చాలావాటికి ఫోను తప్పేమీ లేదు.

డెల్టా నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు, సిగ్నలుకు అడ్డేముంది అనుకుంటాం. అడ్డు చెట్లే. కొబ్బరి మట్టల్లో, అరటి ఆకుల్లో ఉండే తేమ రేడియో తరంగాలను మింగేస్తుంది. తరంగం ఎంత ఎక్కువ పౌనఃపున్యానిదైతే అంత ఎక్కువగా మింగుతుంది. దానికి తోడు పైన శ్లాబో రేకులో ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అరుగు మీద నాలుగు గీతలు చూపించిన ఫోను వంటింట్లోకి వెళ్లేసరికి ఒక్క గీతకు దిగేది అందుకే.

## ఫోను కంపెనీకీ సిమ్ము కంపెనీకీ ఉన్న చుట్టరికం

ఎంపిక దగ్గరకు వెళ్లేముందు ఈ చుట్టరికం కాస్త తెలుసుకోవాలి. మనకు ఎవరు ఏది ఎందుకు అంటగడుతున్నారో దీనివల్లే అర్థమవుతుంది.

అమెరికాలో చాలాకాలం ఫోన్లు అమ్మింది సిమ్ము కంపెనీలే. 2007 జూన్‌లో తొలి ఐఫోను వచ్చినప్పుడు అది ఏటీ అండ్ టీ వినియోగదారులకే దొరికింది. వెరైజన్ వాడేవారు 2011 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెడితే ఫోను తక్కువ ధరకు ఇస్తారు. బదులుగా ఆ ఫోనుకు తాళం వేస్తారు, వేరే కంపెనీ సిమ్ము పెడితే పలకదు.

మన దగ్గర ఆ పద్ధతి నిలబడలేదు. ఇక్కడ దాదాపు అందరిదీ ముందు డబ్బు, తర్వాత మాట అనే ప్రీపెయిడ్ బేరం. ఇవాళ రీఛార్జి చేసి రేపు మానేయగల మనిషికి ఏ సిమ్ము కంపెనీ అయినా ఖరీదైన ఫోను అరువుగా ఎందుకు ఇస్తుంది? 2008 ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ మన దేశానికి ఐఫోను 3జీని తెచ్చినప్పుడు 8 జీబీ ఫోను ధర 31,000 రూపాయలు. అమెరికాలో ఒప్పందం మీద అదే ఫోను 199 డాలర్లు. కొన్నవాళ్లు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

అలాగని సిమ్ము కంపెనీలు ఫోన్ల జోలికి రాలేదని కాదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలు కట్టించుకుని సీడీఎంఏ అనే వేరే పద్ధతి ఫోను చేతిలో పెట్టింది. దాంట్లో తీసి మార్చడానికి సిమ్మే ఉండదు, ఫోనే సిమ్ము. అదే ఏడాది నోకియా 1100 వచ్చింది. టార్చి, దుమ్ము చొరబడని మీటలు, ఏ సిమ్ము అయినా పట్టే గుణం దాని సొత్తు. రాత్రివేళ చేనుకు నీళ్లు మళ్లించే రైతు చేతిలో ఆ టార్చి ఎంత పని చేసిందో మా తరం వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

అసలు మలుపు 2016 సెప్టెంబరు 5న జియో రాకతో వచ్చింది. ఆ నెట్‌వర్కులో 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే వోల్టీ పద్ధతిలో వెళ్లాలి. అప్పటిదాకా 3జీ ఫోన్లతో ఊళ్లు ఏలిన మైక్రోమ్యాక్స్, కార్బన్, మన హైదరాబాదు సెల్‌కాన్ వంటి కంపెనీలు ఆ మార్పును అందుకోలేక తడబడ్డాయి. 4జీ ఫోన్లు చవగ్గా సిద్ధం చేసుకున్న చైనా కంపెనీలు ఆ ఖాళీలోకి వచ్చాయి. షావోమీ అంతకు ముందే, 2015 ఆగస్టులో, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసి ఆంధ్రలో కాలు మోపింది. ఒక సిమ్ము కంపెనీ తీసుకున్న నిర్ణయం ఫోను కంపెనీల జాతకాలు తిరగరాసిందన్నమాట.

సిమ్ము కంపెనీల బలం లేకుండా ఫోను కంపెనీలు మనదాకా ఎలా వచ్చాయి? దుకాణాల ద్వారా. రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ చిన్న సెంటరులో చూసినా నీలం, ఆకుపచ్చ బోర్డుల మీద దుకాణం పేరు కంటే వివో, ఒప్పో పేర్లే పెద్దవి. లోపల కంపెనీ చొక్కా తొడుక్కుని మీకు ఓపిగ్గా ఫోను చూపించే కుర్రాడికి చాలాసార్లు జీతం ఇచ్చేది దుకాణం కాదు, ఆ ఫోను కంపెనీ. అతను అబద్ధం చెబుతాడని నేననను. తన కంపెనీ ఫోను అమ్మడం అతని ఉద్యోగం, అంతే. పెళ్లిళ్ల పేరయ్యను "ఈ సంబంధం మంచిదేనా?" అని అడిగితే ఏం చెబుతాడు?

కంటికి కనబడని ముడి ఇంకొకటి ఉంది. 2022 అక్టోబరు 1న మన దేశంలో 5జీ మొదలైంది. ఐఫోను 12 నుంచి ఆ ఫోన్లలో 5జీ పరికరం ఉన్నా, డిసెంబరులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఇక్కడ 5జీ అందలేదు. సిమ్ము కంపెనీతో కలిసి పరీక్షించి, ఫోను కంపెనీ సాఫ్ట్‌వేరులో తలుపు తీయాలి. టవరు సిగ్నలుకు బదులు ఇంటి వైఫై మీద మాట్లాడే వైఫై కాలింగ్‌కూ ఇదే తంతు. ఫోనులో ఆ సదుపాయం ఉందని పెట్టె మీద రాసి ఉంటే చాలదు, మీ సిమ్ము మీద అది పనిచేస్తుందా అన్నది వేరే సంగతి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నా లెక్కలో ఇవి ప్రధానం, ఇదే వరసలో.

మీరు ఉండేచోట సిగ్నలు. ఊళ్లో కాదు, ఇంట్లో. ఇంట్లో అంటే మంచం దగ్గర, వంటింట్లో, చెరువు గట్టు మీది షెడ్డులో. పక్కింటివారి సిమ్ము ఒక సాయంత్రం అడిగి తీసుకుని మీ ఫోనులో వేసి చూడండి. రాత్రి ఎనిమిది గంటలకు చూడండి, ఊరంతా సీరియళ్లూ రీళ్లూ చూసే వేళ అదే. గీతలను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోను వివరాల్లో సిమ్ము స్థితి తెరిస్తే సిగ్నలు బలం మైనస్ అంకెలో కనబడుతుంది. 4జీలో మైనస్ 90 దరిదాపుల్లో ఉంటే హాయి. మైనస్ 110 దాటి కిందికి పోతే మాట తెగుతుంది, బ్యాటరీ కూడా త్వరగా కరుగుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీలు తమ వెబ్‌సైట్లలో సిగ్నలు పటాలు పెట్టాలి. చూడండి, కానీ ఆ పటానికి మీ పెరట్లోని కొబ్బరిచెట్లు తెలియవు.

ఆ సిమ్ముకు తగిన బ్యాండ్లు, అంటే ఆ కంపెనీ సిగ్నలు వచ్చే పౌనఃపున్యాల వరసలు, ఫోనులో ఉన్నాయా? దీని గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు. 2021లో నేనే మోసపోయాను. "5జీ ఫోను, ముందుచూపుతో కొనుక్కోండి" అంటే కొన్నాను. అప్పటికి దేశంలో 5జీయే లేదు. తీరా వచ్చాక చూస్తే, దాంట్లో 5జీకి ఎన్78 అనే ఒక్క బ్యాండే ఉంది. భీమవరంలో 5జీ చూపించిన ఫోను మా ఊరి పొలిమేరలోకి రాగానే 4జీకి దిగిపోయేది. మా తోటల్లోకి దూసుకువచ్చే 700 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పట్టే ఎన్28 దాంట్లో లేదు.

కట్టుబాటు. ఫోను ఒకే సిమ్ముకు కట్టిపడేసి ఉందా? వాయిదాల కోసం ఏదైనా తాళం యాప్ వేశారా?

మరమ్మతు. పంటు ఎక్కకుండా, రేవు దాటకుండా వెళ్లగలిగే దూరంలో ఆ కంపెనీ సర్వీసు కేంద్రం ఉందా? సఖినేటిపల్లి వైపు ఉండేవారికి నరసాపురం కంటికి కనబడుతూనే ఉంటుంది. కానీ వరద రోజుల్లో పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఉప్పుగాలికి ఛార్జింగు రంధ్రం పాడవడం ఇక్కడ మామూలే కాబట్టి ఈ ప్రశ్న చిన్నది కాదు.

మూడేళ్ల మొత్తం ఖర్చు. 2024 జూలైలో ధరలు పెంచాక రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 84 రోజుల ప్లాను జియోలో 799, ఎయిర్‌టెల్‌లో 859 రూపాయలైంది. ఏడాదికి లెక్క కడితే సుమారు 3,470 నుంచి 3,730. మూడేళ్లకు పదివేలు దాటుతుంది. ఫోను మీద వెయ్యి రూపాయల తగ్గింపు కోసం గంటసేపు బేరమాడతాం, రీఛార్జి దగ్గర మాత్రం కళ్లు మూసుకుంటాం. అన్నట్టు, 28 రోజుల ప్లాను వేసుకునేవారికి ఏడాదికి పన్నెండు నెలలు కావు, పదమూడు.

## నాలుగు నెట్‌వర్కులు, డెల్టా కళ్లతో

| నెట్‌వర్కు | 2జీ ఉందా | పల్లెల్లో 4జీకి పనికొచ్చే తక్కువ పౌనఃపున్యం (మెగాహెర్ట్జ్) | 5జీ |
|---|---|---|---|
| జియో | లేదు | 850 | సొంత 5జీ వ్యవస్థ, 700 బ్యాండు కూడా |
| ఎయిర్‌టెల్ | ఉంది | 900 | ప్రధానంగా 4జీ ఆసరాతో నడిచే 5జీ |
| వీ | ఉంది | 900 | ఎంచుకున్న నగరాలతో మొదలు |
| బీఎస్ఎన్ఎల్ | ఉంది | 700 | 4జీ మీదే దృష్టి |

జియోకు ఉన్న పెద్ద బలం తక్కువ పౌనఃపున్యాలే. తోటల్లో, లంకల్లో అవి ఎక్కువ దూరం పోతాయి. దాని లోటు కూడా పట్టికలోనే ఉంది: 2జీ లేదు. పాత మీటల ఫోనులో జియో సిమ్ము వేస్తే ఫోను మొద్దులా ఉండిపోతుంది. ఈ సంగతి రొయ్యల రైతులకు ఎలా తగులుతుందో కింద చెబుతాను.

ఎయిర్‌టెల్ 3జీని మూసేసినా 2జీని ఉంచింది. డేటా లేకపోయినా మాట మాత్రం దొరికే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. 5జీ ప్రధానంగా 4జీ ఆసరాతో నడుస్తుంది కాబట్టి మీ చోట దాని 4జీ బాగుంటేనే 5జీ మీద ఆశ పెట్టుకోండి.

వీ అంటే 2018లో కలిసిపోయిన వొడాఫోన్, ఐడియాలు. పట్నంలో పాత నంబరు మీద మమకారం ఉన్నవారు వాడుకోవచ్చు. పల్లెలో కొత్తగా తీసుకోమని మాత్రం నేను చెప్పను.

బీఎస్ఎన్ఎల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి దేశంలోనే తయారుచేసిన 4జీ వ్యవస్థను 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు. ధర తక్కువ, టవర్లు సొంతవి. చిక్కు ఏమిటంటే దాని 4జీ 700, 2100 బ్యాండ్ల మీద వస్తుంది. 700ను పట్టే బ్యాండ్ 28 పాత ఫోన్లు చాలావాటిలో లేదు. టవరులో 4జీ ఉంటుంది, సిమ్ములో 4జీ ఉంటుంది, ఫోను కూడా 4జీదే. అయినా తెర మీద 3జీ అని వెక్కిరిస్తుంది. మా వీధిలో ఇద్దరు ఇలా సిమ్మును తిట్టుకుని మానేశారు. తప్పు ఫోనుది.

రెండు సిమ్ములు వేసుకునేవారికి ఒక కిటుకు. ఎయిర్‌టెల్, వీ చాలాచోట్ల ఇండస్ టవర్స్ వారి ఒకే స్తంభం మీద వేలాడతాయి. కరెంటు పోయి ఆ స్తంభం కింద బ్యాటరీ అయిపోతే రెండూ ఒకేసారి మూగపోతాయి. అందుకని జియో ఒకటి, ఎయిర్‌టెల్ లేదా బీఎస్ఎన్ఎల్ ఒకటి పెట్టుకుంటే, ఒక స్తంభం కూలినా ఇంకొకటి ఆదుకునే వీలుంటుంది. తుపాను వేళల్లో ఏ కంపెనీ సిమ్ము అయినా దొరికిన టవరును వాడుకునేలా టెలికాం శాఖ అనుమతి ఇస్తోంది. 2024 అక్టోబరులో దానా తుపాను వచ్చినప్పుడు ఒడిశాలో అలాగే చేశారు. ప్రభుత్వమే ఇంటర్నెట్ ఆపిస్తే మాత్రం ఎన్ని సిమ్ములున్నా ఒకటే, అది 2022 మే నెలలో కోనసీమ వాళ్లం చూశాం.

## ఫోను ఏ దారిలో కొనాలి?

| దారి | డబ్బు | స్వేచ్ఛ | మరమ్మతు |
|---|---|---|---|
| సిమ్ము కంపెనీ ఇచ్చే చవక ఫోను | అతి తక్కువ | ఒకే సిమ్ము | ఆ కంపెనీ దయ |
| ఊరి సెంటరులో దుకాణం | కాస్త ఎక్కువ | పూర్తి, వాయిదాలైతే షరతులు | దుకాణదారే దిక్కు చూపుతాడు |
| ఆన్‌లైన్ | తరచు తక్కువ | పూర్తి | మీరే తిరగాలి |
| విదేశాల నుంచి వచ్చినది | "ఉచితం" | తాళం ఉందేమో చూడాలి | కష్టం |
| వాడేసినది | సగం | పూర్తి | మీ అదృష్టం |

సిమ్ముతో ముడిపెట్టిన చవక ఫోన్లు మన దగ్గర జియోతోనే గట్టిగా నిలిచాయి. 2017లో జియోఫోను 1,500 రూపాయల ధరావతుతో వచ్చింది. 2023 జూలైలో జియోభారత్ 999 రూపాయలకు, 28 రోజులకు 123 రూపాయల ప్లానుతో వచ్చింది. జియో తప్ప వేరే సిమ్ము వీటిలో పనిచేయదు. చాలామంది దీన్ని తప్పుపడతారు, నేను అంత తీసిపారేయను. ఇంట్లో జియో బాగా పలుకుతూ, మాటతో పాటు కాస్త డబ్బు పంపుకోవడమూ పాటలూ చాలనుకునే పెద్దవారికి ఇంత చవగ్గా ఇంకేదీ దొరకదు. పెద్దాయన రేపు కూతురి ఊరు వెళ్లి ఆర్నెల్లు ఉంటే, అక్కడ జియో లేకపోతే, అప్పుడు ఆ 999 కూడా దండగే.

ఊరి దుకాణంలో నాలుగైదు వందలు ఎక్కువ పడుతుంది. ఆ డబ్బుకు ప్రతిఫలం ఉంది. ఛార్జరు పోతే, వాట్సాప్ తెరుచుకోకపోతే, పాత ఫోనులోంచి నంబర్లు రాకపోతే వెళ్లి నిలబడటానికి ఒక మనిషి ఉంటాడు. నేను చేసేదేమిటంటే, ఇంట్లోనే మూడు మోడళ్లు రాసుకుని వెళతాను. కంపెనీ చొక్కా కుర్రాడితో మర్యాదగా "చూస్తున్నానండి" అని చెప్పి, దుకాణం యజమానితో మాట్లాడతాను. "మీ దగ్గరకు ఎక్కువగా మరమ్మతుకు వచ్చేవి ఏవి?" అని అడగండి. ఆ ప్రశ్నకు మొగమాటం లేకుండా జవాబు చెప్పే యజమాని దొరికితే ఆ దుకాణం వదలకండి.

వాయిదాల మీద కొనేవారు ఒక కాగితం అడిగి చదవాలి. కొన్ని అప్పు కంపెనీలు ఫోనులో ఒక యాప్ వేస్తాయి, వాయిదా తప్పితే తెర మూసుకుంటుంది. వరి కోత డబ్బు, రొయ్యల కౌంటు డబ్బు చేతికి వచ్చే తేదీలు బ్యాంకువాళ్ల తేదీలతో కలవవు కదా. రైతు ఇంట్లో ఇది ఆలోచించుకోవాల్సిన విషయం.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. ఏం కావాలో ఖాయంగా తెలిసినవారికి అది మంచిది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

విదేశాల ఫోను దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే డెల్టాలో ఇంటికొకరు గల్ఫులోనో అమెరికాలోనో ఉన్నారు. అమెరికా నుంచి పిల్లలు పంపిన ఫోను పెట్టె తెరిచిన ఆనందం ఒక్కోసారి సిమ్ము వేసేదాకానే. అక్కడి సిమ్ము కంపెనీ వాయిదాల మీద ఇచ్చినదైతే, బాకీ తీరి తాళం తీసేదాకా మన సిమ్ము పనిచేయదు. ఇంకో తిరకాసు: ఐఫోను 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ము పెట్టే అరే లేదు, అంతా ఫోను లోపలే అతుక్కుని ఉండే ఈ-సిమ్మే. ఈ-సిమ్మును జియో, ఎయిర్‌టెల్, వీ ఇస్తాయి, కాబట్టి పని జరుగుతుంది. కానీ ఒక్కటి ఊహించుకోండి. వరద వచ్చింది, ఫోను తడిసి ఆరిపోయింది. మామూలు సిమ్ము అయితే తీసి పక్కింటి పిన్నిగారి మీటల ఫోనులో వేసి రెండు మాటలు మాట్లాడొచ్చు. ఈ-సిమ్మును ఎలా తీస్తారు? లంక గ్రామాల్లో ఉండే తల్లిదండ్రులకు అలాంటి ఫోను పంపవద్దని పిల్లలకు నేను గట్టిగా చెబుతాను. పంపాలనుకుంటే ఆ డబ్బు పంపండి, అమలాపురంలో కొనుక్కుంటారు.

గల్ఫు నుంచి వచ్చే ఫోన్లతో చాలావరకు ఇంత బాధ లేదు, సిమ్ము అర ఉంటుంది. ఐఫోను 17 నుంచి మాత్రం అక్కడి ఐఫోన్లూ ఈ-సిమ్మువే. సామ్‌సంగ్ ఫోన్లు కొన్నింటిలో మొదటిసారి అక్కడి సిమ్ముతోనే కాసేపు మాట్లాడితే గానీ వేరే దేశపు సిమ్ము తీసుకోవు. బయలుదేరే ముందే ఆ పని ముగించి తెమ్మనండి.

వాడేసిన ఫోను కొనేముందు *#06# నొక్కి ఫోను గుర్తింపు సంఖ్య అయిన 15 అంకెల ఐఎంఈఐ చూసుకోండి. కేవైఎమ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు రాసి 14422కు సందేశం పంపితే ఫోను వివరాలు వస్తాయి. అది దొంగతనమని నమోదైన ఫోనో, నకిలీ నంబరు ఉన్నదో అక్కడే తేలిపోతుంది. అమ్మేవాడు "ఎందుకండీ అవన్నీ" అంటే లేచి వచ్చేయండి.

## ఎవరికి ఏది

రొయ్యల చెరువు ఉన్నవారికి. మా మేనమామకు భీమవరం దగ్గర చెరువులు. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకని షెడ్డులో ఒక పెట్టె పెట్టించాడు. కరెంటు పోగానే అది మనిషికి ఫోను చేస్తుంది. "సిమ్ము వేశానురా, పెట్టె పలకడం లేదు" అని పిలిస్తే వెళ్లాను. ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది, సిమ్ము కొత్తదే, రీఛార్జి కూడా ఉంది. పెట్టె వెనక చీటీ చూస్తే సంగతి తెలిసింది: అది 2జీ పెట్టె, ఆయన వేసింది జియో. చేతిలోని ఫోనుకు జియో ఎంత బాగున్నా, ఫోనుతో మోటారు వేసే, 2జీ మీద నడిచే మొబైల్ స్టార్టర్లకూ ఇలాంటి పెట్టెలకూ ఎయిర్‌టెల్, వీ, బీఎస్ఎన్ఎల్‌లలో గట్టు మీద పలికేది వేయాలి. పెట్టెకు డేటా అక్కరలేదు. ట్రాయ్ ఆదేశంతో 2025 నుంచి మాట, సందేశాలకే పరిమితమైన ప్లాన్లు వచ్చాయి, అడిగి అది వేయించండి. కొత్త పెట్టె కొంటుంటే 4జీదే కొనండి. 2జీ కలకాలం ఉండదు.

శ్లాబు ఇల్లు, చుట్టూ తోట. ఇక్కడ పదివేల ఫోనూ లక్ష ఫోనూ ఒక్కలాగే తడబడతాయి. ఫైబరు కనెక్షను పెట్టించుకుని వైఫై కాలింగ్ వాడటమే మందు. ఫైబరు మనకు కొత్తేమీ కాదు, 2016 డిసెంబరులో రాష్ట్ర ఫైబర్ గ్రిడ్‌ను మన కోనసీమలోని మోరి గ్రామంలోనే ప్రారంభించారు. వైఫై కాలింగ్‌ను ఎయిర్‌టెల్ 2019 చివర్లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి, విడిగా డబ్బు తీసుకోవు. కొనేముందు ఆ మోడలు మీ సిమ్ము కంపెనీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రూటరుకు చిన్న బ్యాటరీ కూడా పెట్టించండి, కరెంటు పోతే వైఫైతో పాటు మాటా పోతుంది.

గల్ఫులో మనిషి ఉన్న ఇల్లు. రోజూ వీడియో కాల్ ఉంటుంది కాబట్టి డేటా ముఖ్యం. దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్ ఇక్కడి ఫోనులోనూ వేయాలి. ఆ యాప్‌ల కోసం మరీ పాత ఆండ్రాయిడ్ వద్దు. ఇలాంటి ఇంటికి నేను ఎక్కువ ఏళ్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫోను చెబుతాను. సామ్‌సంగ్ తన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తానని ప్రకటించింది. కెమెరాలో అదే ధరకు వేరేవి మెరుగ్గా ఉండొచ్చు. పెద్దవారు ఫోను మార్చేది ఐదేళ్లకోసారి కదా, ఆ లెక్క వేరు.

హాస్టల్లో ఉండే విద్యార్థి. కాకినాడలోనో భీమవరంలోనో చదివే పిల్లలకు 5జీ నిజంగా పనికొస్తుంది. 2024 పెంపు తర్వాత అపరిమిత 5జీ రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్లాన్లకే దక్కుతోందని గుర్తుంచుకోండి. ఫోనులో ఎన్28, ఎన్78 రెండూ ఉండాలి. ఇక రెడ్‌మీ, పోకో ఒకే ఇంటివి. వివో, ఐకూ ఒక గూటివి. వీటి మధ్య పేరు చూసి తగవులాడుకోవడం పిల్లల సరదా, మీరు ధర చూడండి.

లంకలో ఉండేవారు. బ్యాటరీ పెద్దది, రెండు వేర్వేరు స్తంభాల సిమ్ములు, మామూలు సిమ్ము అర. వీటితో పాటు చవకైన 4జీ మీటల ఫోను ఒకటి ఛార్జి చేసి అటక మీద పెట్టుకోండి. 2022 జూలై వరదలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో రెండు స్మార్ట్‌ఫోన్లు రెండో రోజుకే ఆరిపోయాయి, పడవ కోసం ఫోను చేసింది మీటల ఫోనుతోనే.

## సిమ్ము మార్చాలనుకుంటే

నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కు సందేశం పంపితే ఒక కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోగా ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. మన టెలికాం సర్కిలులోనే (ఏపీ, తెలంగాణ కలిపి) అయితే మూడు పనిదినాల్లో మారుతుంది. సిమ్ము పోయి కొత్తది తీసుకున్న ఏడు రోజుల్లోపు మాత్రం ఆ కోడ్ ఇవ్వరు, 2024 జూలై 1 నుంచి ఈ నియమం ఉంది.

మారే రోజు కొన్ని గంటలు పాత సిమ్ము ఆగిపోతుంది, కొత్తది ఇంకా లేవదు. ఆ మధ్యలో బ్యాంకు ఓటీపీలు కూడా రావు. రొయ్యల కొనుగోలుదారు డబ్బు వేసే రోజున, ధాన్యం తూకం వేసే రోజున ఈ పని పెట్టుకోకండి.